టెక్సస్‌లో క్లాస్ ర్యాంకు: పెద్ద స్కూల్లో 5 శాతంలోకి రాకపోతే యూటీ ఆస్టిన్ ఆశ వదులుకోవాలా?

ఉత్తర డాలస్ అమ్మ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఈ ఆగస్టులో తొమ్మిదో గ్రేడ్‌లోకి వెళ్తోంది, అంటే 2030లో హైస్కూల్ పూర్తిచేసే బ్యాచ్. వెళ్లబోయే హైస్కూల్లో బ్యాచ్‌కి 720 మంది దాకా ఉంటారు. పోటీ మామూలుగా లేదు, తొమ్మిదిలోనే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే కాలేజీ స్థాయి) కోర్సులు మొదలుపెట్టేవాళ్లు బోలెడుమంది. కంప్యూటర్ సైన్స్ చదవాలని ఉంది. మొదటి లక్ష్యం యూటీ ఆస్టిన్ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్). వీలైతే కొన్ని ప్రైవేటు యూనివర్సిటీలకూ అప్లై చేస్తాం.

నా సందేహాలు ఇవీ. యూటీ ఇప్పుడు క్లాస్ ర్యాంకులో పై 5 శాతానికే ఆటోమేటిక్ అడ్మిషన్ అంటున్నారు, అందులో లేకపోతే ఇక దారి లేనట్టేనా? తనకి ఆర్కెస్ట్రా ఇష్టం, కానీ దానివల్ల ర్యాంకు పడిపోతుందని తెలిసినవాళ్లు భయపెడుతున్నారు, నిజమేనా? ముప్పై మైళ్ల అవతల చిన్న ఊరి స్కూలుకి మారిపోతే ర్యాంకు సులువుగా వస్తుందని మావారి వాదన. అలా చేసినవాళ్లకి లాభం ఉంటుందా? ఏయే కోర్సులు తీసుకుంటుందో రాసిచ్చే కోర్సు షీటు ఇంకో రెండు వారాల్లో ఇచ్చేయాలి.

---

అడ్మిషన్ ఫైళ్లు:

అమ్మా, ముందు చట్టం ఏం చెబుతుందో చూద్దాం. ఎందుకంటే 5 శాతం మాట విన్నవాళ్లలో చాలామందికి అది దేనికి హామీయో తెలియదు.

అడ్మిషన్లలో జాతిని చూడకూడదంటూ 1996లో హాప్‌వుడ్ కేసు తీర్పు వచ్చాక, 1997లో టెక్సస్ శాసనసభ హౌస్ బిల్ 588 చేసింది. రాష్ట్రంలోని ఏ హైస్కూల్లోనైనా పై 10 శాతంలో ఉన్నవాళ్లకి రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీల్లో సీటు ఇచ్చి తీరాలన్నది దాని సారం. కొన్నేళ్లకి యూటీ ఆస్టిన్ సీట్లలో ఎక్కువ భాగం వీళ్లతోనే నిండిపోవడంతో 2009లో ఆ ఒక్క యూనివర్సిటీకి మినహాయింపు ఇచ్చారు. టెక్సస్ విద్యార్థులకు ఉన్న సీట్లలో 75 శాతం వరకే ఆటోమేటిక్‌గా ఇస్తే చాలు. అందుకని దరఖాస్తులు పెరిగేకొద్దీ శాతం తగ్గిస్తూ వస్తున్నారు. 2018 ప్రవేశాలకు 7, 2019 నుంచి 6, 2026 ప్రవేశాల నుంచి 5.

మీరు గమనించాల్సింది ఇక్కడే. ఆ 5 శాతం మీ అమ్మాయికి వర్తించే సంఖ్య కాదు. ఏ బ్యాచ్‌కి ఎంత అనేది వాళ్లు 11వ గ్రేడ్‌లో ఉన్నప్పుడు సెప్టెంబరులో ప్రకటిస్తారు. 2026 బ్యాచ్‌కి 5 అని చెప్పింది 2024 సెప్టెంబరులో. మీ పాపకి చెప్పేది 2028 సెప్టెంబరులో. అప్పటికి అది 4 కావచ్చు, 5గానే ఉండొచ్చు. కాబట్టి 720లో 36 అనే అంకె గోడకి రాసిపెట్టుకుని నాలుగేళ్లు ప్లాన్ చేయకండి.

రెండోది, ఇంకా ముఖ్యమైనది: ఆ హామీ యూనివర్సిటీలోకి మాత్రమే, మేజర్‌లోకి (చదవాలనుకున్న ప్రధాన సబ్జెక్టులోకి) కాదు. కంప్యూటర్ సైన్స్, ఇంజనీరింగ్, బిజినెస్ లాంటివాటికి ర్యాంకుతో పాటు టెస్ట్ స్కోరు, వ్యాసాలు, చేసిన పనులు, ఆ సబ్జెక్టుకి సరిపోయే కోర్సులు అన్నీ చూసి విడిగా నిర్ణయిస్తారు. పదో ర్యాంకు పిల్లలకి కూడా యూటీలో సీటు వచ్చి, కోరుకున్న సీఎస్ రాకుండా పోవడం ప్రతి ఏడాదీ జరిగేదే. లోపలికి వెళ్లాక సీఎస్‌కి మారతాం అనుకోవడం బలహీనమైన ప్లాను, ఆ మార్పుకి పోటీ ఇంకా ఎక్కువ. ఫారంలో రెండో మేజర్ అడుగుతారు, దాన్ని ఊరికే నింపేయకండి.

5 శాతంలో ఉన్నా పూర్తి దరఖాస్తు పంపాల్సిందే. 2025 ప్రవేశాల నుంచి ఎస్ఏటీ లేదా ఏసీటీ స్కోరు మళ్లీ తప్పనిసరి చేశారు. ఈ మధ్య గడువులు అక్టోబరు 15, డిసెంబరు 1. ర్యాంకు అంటే గడువునాటికి ట్రాన్‌స్క్రిప్టులో (స్కూలు ఇచ్చే మార్కుల పత్రంలో) ఉన్న తాజా ర్యాంకు, అంటే ఆచరణలో 11వ గ్రేడ్ చివరిది. పన్నెండో గ్రేడ్‌లో పుంజుకుంటే చదువుకి మంచిదే గానీ ఈ లెక్కకి ఆలస్యమైపోతుంది.

ఇంకో షరతు చాలామంది చూడరు. ర్యాంకుతో పాటు డిస్టింగ్విష్డ్ లెవెల్ ఆఫ్ అచీవ్‌మెంట్ కూడా ఉండాలి: నాలుగు మ్యాథ్ క్రెడిట్లు (అందులో ఆల్జీబ్రా 2 తప్పనిసరి), నాలుగు సైన్స్ క్రెడిట్లు, ఒక ఎండార్స్‌మెంటు (ఎంచుకున్న ఒక రంగంలో వరసగా చేసే కోర్సులు). మీలాంటి స్కూళ్లలో అందరికీ అదే వచ్చేస్తుంది, కానీ ఎండార్స్‌మెంటు వదులుకుంటూ సంతకం చేసే ఫారం ఒకటి ఉంటుంది. అది పొరపాటున కూడా పెట్టకండి.

5 శాతం బయట ఉన్నవాళ్లకి దారి లేదా? ఉంది. మిగతా పాతిక శాతం టెక్సస్ సీట్లు వాళ్లకే. పెద్ద పోటీ స్కూళ్ల నుంచి 7, 8, 10 శాతం పిల్లలు సీఎస్‌తో సహా వెళ్తుంటారు, కానీ అక్కడ ర్యాంకు సాయం లేకుండా మిగతా ఫైలంతా మోయాలి. అదీ కుదరకపోతే క్యాప్ అనే దారి ఉంది. మొదటి ఏడాది వేరే యూటీ సిస్టమ్ క్యాంపస్‌లో చేరి 30 గంటల క్రెడిట్లు, 3.2 జీపీఏ తెచ్చుకుంటే ఆస్టిన్‌కి మారొచ్చు. అయితే హామీ ఉండేది లిబరల్ ఆర్ట్స్ కాలేజీకే. సీఎస్ కావాలనుకునేవాళ్లు దాన్ని నమ్ముకోకూడదు.

---

లెక్కల మాస్టారు:

ఆర్కెస్ట్రా సంగతి నేను చెప్తా, అది లెక్క కాబట్టి.

వెయిటెడ్ జీపీఏ (కష్టమైన కోర్సుకి ఎక్కువ పాయింట్లిచ్చే సగటు) ఎలా కడతారన్నది స్కూల్ డిస్ట్రిక్టు, అంటే ఆ ప్రాంతం స్కూళ్లని నడిపే సంస్థ ఇష్టం. డాలస్ చుట్టుపక్కల బాగా కనిపించే పద్ధతి ఇది: ఏపీకి గరిష్ఠం 6.0, అడ్వాన్స్‌డ్‌కి 5.5, ఆన్-లెవెల్‌కి (మామూలు స్థాయి కోర్సుకి) 5.0. నూటికి నూరు వస్తే ఆ గరిష్ఠం, ఒక్కో మార్కు తగ్గితే 0.1 కోత. ఏపీలో 90 అంటే 5.0, ఆన్-లెవెల్‌లో 100 అన్నా 5.0. ఈ పద్ధతిలో ఏం జరుగుతుందో చూడండి.

ఏడు కోర్సులు, రెండు సెమిస్టర్లు, మూడేళ్లు: మొత్తం 42 సెమిస్టర్ గ్రేడ్లు. అందులో ఆరు ఆర్కెస్ట్రావి, అన్నీ 100 మార్కులే, అంటే 5.0. మిగతా 36 సగటు 5.7 అనుకుందాం. 36 ఇంటూ 5.7 అంటే 205.2, దానికి 30 కలిపితే 235.2, దాన్ని 42తో భాగిస్తే 5.6. ఆర్కెస్ట్రా లెక్కలో లేకపోయుంటే 5.7. పిల్ల ఒక్క మార్కు కూడా పోగొట్టుకోకుండా 0.1 పోయింది. 720 మంది బ్యాచ్‌లో పైన ఉన్నవాళ్ల మధ్య తేడాలు రెండో దశాంశంలో ఉంటాయి, అక్కడ 0.1 అంటే ఇరవై ముప్పై స్థానాలు కావచ్చు.

అదే ఒక ఏపీలో ఒక సెమిస్టర్ 100 బదులు 90 వచ్చిందనుకోండి. నష్టం 1.0 భాగించు 42, అంటే 0.024. జనం ఏడ్చేది ఈ 90 చూసి. అసలు పెద్ద కోత షీటులో టిక్కు పెట్టినప్పుడే పడిపోతుంది, అది ఎవరికీ కనబడదు.

కానీ దీన్ని చూసి ఆర్కెస్ట్రా మానిపించేయకండి, ముందు మూడు విషయాలు కనుక్కోండి. ఒకటి, మీ డిస్ట్రిక్టులో ర్యాంకు లెక్కలోకి ఏయే కోర్సులు వస్తాయి? కొన్ని డిస్ట్రిక్టులు ఇంగ్లిష్, మ్యాథ్, సైన్స్, సోషల్, భాష మాత్రమే తీసుకుంటాయి. అలాంటి చోట ఆర్కెస్ట్రా వల్ల నష్టం సున్నా. రెండు, మొదటి ఏడాది తర్వాతి ఫైన్ ఆర్ట్స్‌కి జీపీఏ మినహాయింపు ఉందా? కొన్నిచోట్ల ఉంటుంది, కానీ దానికి ఫారం ఉంటుంది, ఆ ఫారానికో తేదీ ఉంటుంది. అడగనివాళ్లకి ఎవరూ చెప్పరు. మూడు, పై స్థాయి ఆర్కెస్ట్రాకి ఆనర్స్ వెయిట్ ఉందా?

ఎలాగూ టెక్సస్‌లో హైస్కూల్ పూర్తిచేయడానికి ఒక ఫైన్ ఆర్ట్స్ క్రెడిట్, ఒక పీఈ (వ్యాయామ విద్య) క్రెడిట్ కావాలి. అంటే ఆ కోత ప్రతి పిల్లకీ కొంత పడుతుంది. ఆర్కెస్ట్రా పిల్ల అదనంగా నష్టపోయేది రెండో ఏడాది నుంచే.

ఇంకోటి. ఎనిమిదో గ్రేడ్‌లో చేసిన ఆల్జీబ్రా 1, స్పానిష్ లాంటి హైస్కూల్ క్రెడిట్లు ర్యాంకులోకి వస్తాయా రావా అన్నది కూడా కనుక్కోండి. వచ్చే డిస్ట్రిక్టులో ఈ మే నెల మార్కులే మీ అమ్మాయి తొలి ర్యాంకు మార్కులు.

మనవాళ్లకి ఎంసెట్ ర్యాంకు అలవాటు. ఒకరోజు పరీక్ష, దానికో ర్యాంకు. ఇక్కడది తొమ్మిదో గ్రేడ్ మొదటి సెమిస్టర్ నుంచి పేరుకుంటూ వస్తుంది, చివర్లో కోచింగ్‌తో లేచేది కాదు.

---

బే ఏరియా బాబాయ్:

మాస్టారు లెక్క బాగుంది. కాకపోతే ప్రైవేటు యూనివర్సిటీల సంగతి ఎవరూ ఎత్తలేదు, అక్కడ ఆట వేరే.

టెక్సస్ చట్టం ప్రైవేటు కాలేజీలకి పట్టదు. కామన్ యాప్‌లో (చాలా కాలేజీలకి ఒకేచోట అప్లై చేసే ఫారంలో) మీ కౌన్సెలర్ నింపే స్కూల్ రిపోర్టులో ర్యాంకు ఉంటే ఎంత, లేకపోతే లేదు అని రాస్తారు. దేశమంతటా పోటీ ఎక్కువున్న స్కూళ్లలో చాలావాటికి ర్యాంకే ఉండదు, బే ఏరియాలో మనవాళ్ల పిల్లలు చదివే స్కూళ్లు చాలావరకు ఆ బాపతే. అంతమాత్రాన కాలేజీకి తెలియదనుకోకండి. రిపోర్టుతో పాటు స్కూల్ ప్రొఫైల్ వెళ్తుంది. ఏయే ఏపీలు ఉన్నాయి, జీపీఏలు ఏ రేంజిలో ఎంతమందికి ఉన్నాయి, గత ఏడాది ఎవరెక్కడికి వెళ్లారు, ఇవన్నీ అందులో ఉంటాయి. చాలా కాలేజీల్లో ఒక ప్రాంతం ఫైళ్లు ఒక్కరే చదువుతారు. ఒకే స్కూలు నుంచి ముప్పై ఫైళ్లు వరసగా చదివినవాళ్లకి ఎవరు ఎక్కడ ఉన్నారో ర్యాంకు లేకుండానే తెలిసిపోతుంది.

ఆ రిపోర్టులో ఇంకో గడి ఉంది. మీ స్కూల్లో ఉన్న కోర్సులతో పోలిస్తే ఈ పిల్ల తీసుకున్నవి ఎంత కఠినం? 'అత్యంత కఠినం' దగ్గర కౌన్సెలర్ టిక్కు పెట్టారా లేదా అన్నది గట్టి ప్రైవేటు కాలేజీల్లో 30వ ర్యాంకుకీ 60వ ర్యాంకుకీ ఉన్న తేడా కంటే ఎక్కువ చూస్తారని నా అంచనా. ఆ టిక్కుకి ఏమేం ఉండాలో కొన్ని స్కూళ్లలో రాసిపెట్టి ఉంటుంది. అడగండి.

మీరు చూస్తున్న కాలేజీల్లో చాలావాటికి కామన్ డేటా సెట్ అనే పత్రం ఉంటుంది, సాధారణంగా వాళ్ల సైట్లోనే దొరుకుతుంది. అందులో సీ7 దగ్గర ర్యాంకుని 'చాలా ముఖ్యం' అన్నారా, 'పరిశీలిస్తాం' అన్నారా చూడండి. సీ10 దగ్గర చేరినవాళ్లలో పై పదో వంతు వారు ఎంత శాతమో ఉంటుంది. ఆ అంకె చూసి గుండె ఆగిపోకముందు కింది లైను కూడా చదవండి: అసలు ర్యాంకు పంపినవాళ్లు ఎంతమంది అన్నది అక్కడే ఉంటుంది. మూడోవంతు మందే పంపి ఉంటే, పైన 95 శాతం అన్నది ఆ మూడోవంతులో 95 శాతం. ర్యాంకు లేని స్కూళ్ల పిల్లలు ఆ లెక్కలోనే లేరు.

కాలిఫోర్నియా యూసీల (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌ల) సంగతి తెలుసుకుంటే టెక్సస్ పద్ధతి ఎంత కరుకో అర్థమవుతుంది. ఇక్కడా స్కూలు వారీ హామీ ఉంది, పై 9 శాతానికి. కానీ పోలిక ఈ ఏడాది తోటివాళ్లతో కాదు, ఆ స్కూలు ఇటీవలి బ్యాచ్‌ని బట్టి ముందే కట్టిన జీపీఏ గీతతో. పది, పదకొండు గ్రేడ్ల మార్కులే లెక్క. ఆనర్స్ పాయింట్లు ఎనిమిది సెమిస్టర్లకి మించి కలపరు, కాబట్టి పద్దెనిమిది ఏపీల పరుగుకి ఇక్కడ అంత విలువ లేదు. హామీ కూడా ఏదో ఒక క్యాంపస్‌కి, ఖాళీ ఉంటేనే. ఆచరణలో అది మర్సెడ్ క్యాంపస్. బర్క్‌లీకి హామీ ఎవరికీ లేదు. ఎస్ఏటీ అసలే చూడరు.

---

ఉత్తర డాలస్ అమ్మ:

అందరికీ చాలా థ్యాంక్సండీ. ఇప్పుడే హ్యాండ్‌బుక్ తీసి చూశాను, మా డిస్ట్రిక్టులో అన్ని కోర్సులూ ర్యాంకులోకి వస్తాయి, ఆర్కెస్ట్రాతో సహా. హెల్త్, పీఈ బయట వేసవిలో చేస్తే ర్యాంకుకి తగలదని ఒకరన్నారు, నిజమా? స్పానిష్ బదులు తెలుగు పరీక్ష రాసి క్రెడిట్లు తెచ్చుకోవచ్చా? స్కూలు మారడం గురించి కూడా ఎవరైనా చెప్పండి, ఇంట్లో చర్చ తెగడం లేదు.

---

లెక్కల మాస్టారు:

వేసవి కోర్సులు: బయటి గుర్తింపు పొందిన సంస్థలో చేసిన క్రెడిట్ ట్రాన్‌స్క్రిప్టులోకి వచ్చి జీపీఏలోకి రాని డిస్ట్రిక్టులు ఉన్నాయి. కానీ అదే కోర్సు డిస్ట్రిక్టు సొంత సమ్మర్ స్కూల్లో చేస్తే 5.0 స్కేలుతో లోపలికి వచ్చేస్తుంది. ఎక్కడ చేస్తున్నారన్నదే తేడా. చేరకముందు కౌన్సెలర్ నుంచి ఈమెయిల్లో అనుమతి తీసుకోండి, నోటిమాట చాలదు.

క్రెడిట్ బై ఎగ్జామ్: కోర్సు చేయకుండా పరీక్ష రాసి ముందుకు వెళ్లాలంటే టెక్సస్‌లో 80 రావాలి. ఆ మార్కు జీపీఏలో కలుపుతారా అన్నది మళ్లీ డిస్ట్రిక్టు ఇష్టం. కలిపే చోట 82తో పాసవడం నష్టం, పరీక్ష రాసే ముందే తెలుసుకోండి.

తెలుగులో ప్రావీణ్య పరీక్ష రాస్తే భాషా క్రెడిట్లు ఇచ్చే డిస్ట్రిక్టులు కొన్ని ఉన్నాయి. హైస్కూల్ పూర్తిచేయడానికి కావలసిన రెండు క్రెడిట్లు అలా తీరిపోతే షెడ్యూల్లో రెండు ఖాళీలు దొరుకుతాయి, ఆర్కెస్ట్రాకి చోటు అక్కడే. ఇంట్లో మాట్లాడటం వచ్చినంత మాత్రాన చాలదు, చదవడం రాయడం కూడా పరీక్షిస్తారు. ఒక మెలిక: గట్టి ప్రైవేటు కాలేజీలు స్కూల్లో మూడు నాలుగేళ్లు ఒక భాష చదివినవాళ్లని ఇష్టపడతాయి. యూటీ సీఎస్ ఒక్కటే లక్ష్యమైతే తెలుగు పరీక్ష లాభం, రెండు వైపులా చూస్తుంటే స్పానిష్ కొనసాగించి చివర్లో ఏపీ స్పానిష్ తీసుకోవడం మేలు. దానికి 6.0 కూడా.

---

అడ్మిషన్ ఫైళ్లు:

స్కూలు మారడం మీద నా మాట సూటిగా: వద్దు. కారణాలు చెబుతాను, మీవారికి చూపించండి.

ఆ చిన్న స్కూల్లో బ్యాచ్‌కి 90 మంది ఉన్నారనుకుందాం. 5 శాతం అంటే నలుగురు. ఐదో పిల్ల ఎంత తెలివైనదైనా బయటే. 720లో 36 స్థానాలుంటే ఒక చెడ్డ సెమిస్టర్‌ని తట్టుకుని నిలబడొచ్చు, నాలుగు స్థానాల్లో అది కుదరదు. ఆ ఊళ్లో టీచర్ల పిల్లలు, డాక్టర్ల పిల్లలు ఎనిమిదో గ్రేడ్ క్రెడిట్లతో సహా ఆ ఫార్ములాకి తగ్గట్టు ముందే సర్దుకుని ఉంటారు.

రెండు, మీ అమ్మాయి తెచ్చే అడ్వాన్స్‌డ్ కోర్సులకి అదే పేరుతో అక్కడ కోర్సు లేకపోతే వెయిట్ ఇవ్వని స్కూళ్లు ఎక్కువ. మూడు, చిన్న స్కూల్లో క్యాల్‌క్యులస్ బీసీ, ఏపీ ఫిజిక్స్ సీ, ఏపీ సీఎస్ లేకపోతే ర్యాంకు వచ్చినా సీఎస్ మేజర్ ఫైలు పలచబడుతుంది. పైన చెప్పాను కదా, హామీ మేజర్‌కి కాదు. తప్పుడు అడ్రసుతో చేర్చే ఆలోచన ఎవరైనా చెబితే అసలు వినకండి, నివాసం సరిచూసి మధ్యలో పంపేస్తారు.

మారడం వల్ల లాభపడేది ఎవరంటే, సీఎస్ లాంటి మేజర్ పట్టింపు లేకుండా ఆస్టిన్‌లో సీటు చాలనుకునేవాళ్లు, అదీ తొమ్మిదో గ్రేడ్ మొదటి రోజు నుంచే చేరినవాళ్లు. మీది ఆ కేసు కాదు.

10 శాతం హామీ మిగతా ప్రభుత్వ యూనివర్సిటీల్లో అలాగే ఉందని కూడా మర్చిపోకండి. మీ స్కూల్లో 72వ ర్యాంకు వరకూ టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో ప్రవేశం ఖాయం. అక్కడ ఇంజనీరింగ్‌లో సీటు వస్తే మొదటి ఏడాది ఉమ్మడిగా ఉంటుంది, 3.75 జీపీఏ తెచ్చుకుంటే కోరిన మేజర్ ఆటోమేటిక్‌గా వస్తుంది. 36కీ 72కీ మధ్య ఉండే పిల్లలకి అది చిన్న అవకాశమేం కాదు.

హెచ్-4 మీద ఉన్న పిల్లలైతే ర్యాంకుతో పాటు రెసిడెన్సీ ప్రశ్నలు కూడా జాగ్రత్తగా నింపాలి. హెచ్-1బీ తల్లిదండ్రులు టెక్సస్‌లో 12 నెలలు స్థిరంగా ఉన్నట్టు లీజు, పన్ను కాగితాలు చూపగలిగితే డిపెండెంట్ పిల్లలు టెక్సస్ రెసిడెంట్ కిందికే వస్తారు. అక్కడ 'అంతర్జాతీయ విద్యార్థి' అని తప్పుగా టిక్కు పెట్టి ఆటోమేటిక్ అడ్మిషన్, ఇన్-స్టేట్ ఫీజు రెండూ పోగొట్టుకుని తర్వాత కాగితాలు పట్టుకుని తిరిగేవాళ్లు ఉన్నారు.

---

బే ఏరియా బాబాయ్:

షీటు ఇచ్చే ముందు ఒక్కటి అడగండి: ఏపీ తీసుకుని మోయలేకపోతే ఆన్-లెవెల్‌కి దిగడానికి ఆఖరి తేదీ ఎప్పుడు, అప్పటిదాకా వచ్చిన మార్కులు ఎలా బదిలీ అవుతాయి? తొమ్మిదో గ్రేడ్‌లో ఏపీ హ్యూమన్ జాగ్రఫీ ఒక్కటి తీసుకుని చూడటం చాలామందికి సరిపోతుంది. మొదటి గ్రేడింగ్ పీరియడ్ అయ్యాక దిగనిచ్చే స్కూళ్లలో 78తో వచ్చిన మార్కుని అలాగే ఉంచేస్తారా, వెయిట్ తేడా సర్దుతారా అన్నది హ్యాండ్‌బుక్‌లో లెవెల్ ఛేంజ్ అనే శీర్షిక కింద ఉంటుంది.

---

ఉత్తర డాలస్ అమ్మ:

చూశాను బాబాయ్ గారూ, ఉంది. మొదటి ఆరు వారాల్లోపే, మార్కులకి పది కలుపుతారట. ఫైన్ ఆర్ట్స్ మినహాయింపు ఫారం కూడా దొరికింది, పదో గ్రేడ్ నుంచి వర్తిస్తుంది, ఏటా సెప్టెంబరు చివరికల్లా ఇవ్వాలి. ఆర్కెస్ట్రా ఉంచేస్తున్నాం.